బ్యాలే నేర్చుకునే మనవరాలికి ఏం పట్టుకెళ్ళాలి?

ప్రశ్న: మాది తెనాలి. డిసెంబర్ మొదట్లో న్యూజెర్సీలో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వెళ్తున్నాను. మనవరాలికి 14 ఏళ్ళు. ఆరేళ్ళ నుంచి బ్యాలే నేర్చుకుంటోంది. దానికి అదే లోకం. అక్కడ క్రిస్మస్ సెలవుల్లో పిల్లలకి కానుకలు ఇస్తారు కదా, నేనూ దానికి మనసుకి నచ్చేది ఒకటి ఇవ్వాలనుకుంటున్నాను. అమ్మాయిని అడిగితే "ఏమీ తేకమ్మా, నువ్వొస్తే చాలు" అంటోంది. ఆన్‌లైన్‌లో గులాబీరంగు శాటిన్ బ్యాలే షూస్ చూశాను, చాలా ముద్దుగా ఉన్నాయి. తీసుకోనా? ఇంకో మాట. పిల్ల మన నాట్యం నేర్చుకోలేదని నాకు లోపల చిన్న బాధ ఉంది. ఒక జత గజ్జెలు తీసుకెళ్ళి ఇస్తే మనసు ఇటు తిరుగుతుందేమో అని ఆశ. పదివేల వరకు పెట్టగలను. ఇంట్లో కుట్టు మిషన్ ఉంది, బాగానే కుడతాను.
— ఒక అమ్మమ్మ, తెనాలి

జవాబు: అక్కయ్యగారూ, ఆ శాటిన్ షూస్ మాత్రం కొనకండి. ఈ ఒక్క మాట మీకు వేళకి అందాలనే ఈ నెల మీ ఉత్తరం ముందు తీసుకున్నాను.

నేనూ న్యూజెర్సీలోనే, ఎడిసన్‌లో చాలా ఏళ్ళు ఉండి వచ్చినదాన్ని. మా అమ్మాయి ఏడో ఏట బ్యాలే మొదలుపెట్టి కాలేజీకి వెళ్ళేదాకా మానలేదు. స్టూడియో బయట గోడవారన ఒక బెంచీ ఉండేది. వారానికి నాలుగు సాయంత్రాలు నేను ఆ బెంచీ మీదే. అన్నీ తెలుసనుకున్నాను. దానికి 13 ఏళ్ళప్పుడు, క్రిస్మస్‌కి సర్‌ప్రైజ్ చేద్దామని అదే కంపెనీ, అదే నంబరు పాయింట్ షూస్, అంటే మునివేళ్ళ మీద లేచి ఆడటానికి వేసుకునే శాటిన్ షూస్, ఆన్‌లైన్‌లో సగం ధరకి కనిపిస్తే కొని, రంగు కాగితం చుట్టి చెట్టు కింద పెట్టాను. పిల్ల విప్పి చూసి నన్ను గట్టిగా పట్టుకుంది. నాకు తెలియంది ఏమిటంటే, నంబరు ఒకటే అయినా వెడల్పు వేరు, లోపలి అట్ట గట్టితనం వేరు. అమ్మ ప్రేమగా కొన్నది వద్దంటే బాధపడుతుందని అది ఎవరికీ చెప్పకుండా గదిలో వాటితోనే ప్రాక్టీస్ చేసింది. పది రోజుల్లో బొటనవేలి గోరు నల్లబడిపోయింది. జనవరిలో రెండు వారాలు క్లాసుకి వెళ్ళలేకపోయింది. ఆ గోరు చూసినప్పుడు నాకు కలిగిన బాధ మీకు కలగకూడదు.

పాయింట్ షూ అంటే చెప్పు కాదు, పనిముట్టు. కొస భాగంలో గుడ్డ, కాగితం పొరలు పొరలుగా జిగురుతో అతికించి గట్టిపరుస్తారు. దాన్ని బాక్స్ అంటారు. అరికాలి కింద షాంక్ అని ఒక గట్టి పట్టీ ఉంటుంది. పిల్ల మునివేళ్ళ మీద లేచినప్పుడు ఒంటి బరువంతా నిలిచే చోటు, రెండు రూపాయి బిళ్ళలు పక్కపక్కన పెడితే ఎంతో అంత. వేళ్ళ పొడవు, ఏ వేలు పెద్దది, పాదం వెడల్పు, వంపు, చీలమండ బలం అన్నీ చూసి, మనిషిని నిలబెట్టి, మోకాళ్ళు వంచమని, లేవమని, ఒక్కో జత తొడిగి విప్పి ఎంచుతారు. గంట పడుతుంది. ఆరు నెలల్లో పాదం పెరిగితే మళ్ళీ మొదటినుంచి. అసలు పాయింట్ ఎక్కవచ్చో లేదో చెప్పాల్సింది టీచర్. మామూలుగా 11, 12 ఏళ్ళు వచ్చాక, కొన్నేళ్ళ శిక్షణ అయ్యాకే ఒప్పుకుంటారు. మన దగ్గర గజ్జెపూజ లేకుండా గజ్జె కట్టం కదా! గురువు చేతిలోంచి రావాల్సినవి గజ్జెలు. ఇవీ అలాంటివే అనుకోండి.

గజ్జెల సంగతి అడిగారు కాబట్టి చెప్తాను. మీ బాధ నాకు తెలుసు. నేను చిన్నప్పుడు మూడేళ్ళు కూచిపూడి నేర్చుకున్నాను. మా అమ్మాయి బ్యాలే అన్నప్పుడు నాకూ గుండెలో కలుక్కుమంది. కానీ ఈ సెలవుల్లో ఆ కానుక వద్దు. పిల్ల ఆరేళ్ళ కష్టానికి ఇచ్చే కానుకలో "నువ్వు చేస్తున్నది కాదు, ఇది చెయ్యి" అనే మాట దాగి ఉంటే, 14 ఏళ్ళ పిల్లకి అది తెలియకుండా ఉండదు. దానికి బదులు ఒక కథ పట్టుకెళ్ళండి. రుక్మిణీదేవి అరండేల్ మొదట నేర్చుకున్నది బ్యాలేనే. 1920ల చివర్లో ఆవిడ రష్యన్ బ్యాలే నర్తకి అన్నా పావ్‌లోవాని కలిశారు. పావ్‌లోవా బృందంలోని క్లియో నోర్ది దగ్గర బ్యాలే నేర్చుకున్నారు. మీ దేశపు నాట్యాన్ని వెతుక్కోమని పావ్‌లోవాయే ఆవిడకి చెప్పింది. ఆ తర్వాతే ఆవిడ భరతనాట్యం నేర్చుకున్నారు, 1936లో కళాక్షేత్ర అనే నాట్యపాఠశాల పెట్టారు. బ్యాలే మీద ప్రేమ ఆవిడని మన నాట్యానికి దూరం చెయ్యలేదు, దగ్గర చేసింది. ఈ కథ చెప్పి, ఒక సాయంత్రం ఇద్దరూ కూర్చుని ఇత్తడి పళ్ళెం అంచు మీద నిలబడి చేసే కూచిపూడి తరంగం వీడియో చూడండి. మునివేళ్ళ మీద బరువు నిలపడం ఎంత కష్టమో తెలిసిన పిల్ల, ఆ పళ్ళేన్ని మనకంటే బాగా చూస్తుంది. తర్వాత గజ్జెలు తనే అడిగితే అడుగుతుంది, లేకపోతే లేదు.

ఇక ఏం పట్టుకెళ్ళాలి? మీ ఉత్తరంలో చివరి వాక్యం చదివి నాకు ప్రాణం లేచొచ్చింది. మీకు కుట్టు వచ్చు! బ్యాలే పిల్లకి అమ్మమ్మ ఇవ్వగలిగినది ఇంతకంటే ఏముంటుంది?

పాయింట్ షూస్‌కి రిబ్బన్లు, ఎలాస్టిక్‌లు కుట్టి అమ్మరు. ఎవరి చీలమండకి తగ్గట్టు వాళ్ళు కొలుచుకుని కుట్టుకోవాలి. పెద్ద పెద్ద నర్తకులూ కుట్టుకుంటారు. 1832లో పారిస్‌లో మేరీ టాగ్లియోని అనే నర్తకి మునివేళ్ళ మీద ఆడి అందరినీ ఆశ్చర్యపరిచిన రోజుల్లో ఈ గట్టి బాక్స్ లేనే లేదు. మెత్తని శాటిన్ చెప్పుల కొస చుట్టూ దారంతో రఫూ చేసుకుని ఆ దన్ను మీదే లేచేవాళ్ళు. ఇప్పటికీ చాలామంది కొస చుట్టూ రఫూ చేస్తారు, జారకుండా ఉంటుందని. అంటే సూది దారం బ్యాలేలో మొదటినుంచీ ఉంది.

మీరు ఒక మంచి రేకు డబ్బా తీసుకోండి, లోపల గుడ్డ అంటించండి. అందులో దబ్బనం కాదుగానీ కొంచెం లావు సూదులు పది, గులాబీ, తెలుపు, గోధుమ రంగుల్లో గట్టి దారం, చిన్న కత్తెర, పిన్నీసులు, కొలత టేపు పెట్టండి. వేలికి తొడుక్కునే లోహపు టోపీ తప్పకుండా పెట్టండి. షూ అరికాలి దగ్గర గుడ్డ గట్టిగా ఉంటుంది, సూది దిగదు, వేలికి గుచ్చుకుంటుంది. కత్తెర, సూదులు చెక్-ఇన్ పెట్టెలోనే పెట్టండి. పళ్ళ మధ్య శుభ్రం చేసుకునే ఫ్లాస్ దారం ఒక డబ్బా అక్కడ కొనండి. తెగదని చాలామంది పిల్లలు రిబ్బన్లు దాంతోనే కుడతారు. అది చూసి నేను మొదట నమ్మలేదు, తర్వాత మా ఇంట్లో అదే వాడాం.

రెండోది, సంచులు. క్లాసు అయ్యేసరికి షూస్ చెమటకి తడిసిపోతాయి. జిగురుతో నిలబడిన వస్తువు కదా, తడి ఆరకపోతే మెత్తబడి త్వరగా పాడైపోతుంది. పిల్లలేమో అలసిపోయి వాటిని ప్లాస్టిక్ కవరులో కుక్కి బ్యాగులో పడేస్తారు. గాలి ఆడే సంచి కావాలి. మీకు మంగళగిరి ఎంత దూరం? పల్చటి మంగళగిరి కాటన్ రెండు మీటర్లు తెచ్చి, 14 అంగుళాల పొడవు, 9 అంగుళాల వెడల్పుతో, మూతి దగ్గర తాడు లాగి బిగించేలా నాలుగు సంచులు కుట్టండి. రెండు షూస్‌కి, ఒకటి వేళ్ళకి పెట్టుకునే జెల్ ప్యాడ్‌లకి, ఒకటి జడపిన్నులకి. స్టూడియోలో అందరివీ ఒకేలా ఉంటాయి, మారిపోతుంటాయి. అందుకని ప్రతిదాని మీద పిల్ల పేరు తెలుగులో కుట్టండి. మా అమ్మాయి సంచి మీద తెలుగు అక్షరాలు చూసి తోటిపిల్లలు తమ పేర్లూ రాయించుకున్నారు. ఆ సంచుల్లో ఒకటి ఇప్పటికీ దాని దగ్గరే ఉంది, రంగు వెలిసిపోయింది.

మీరు రిబ్బన్లు కుట్టి ఇవ్వకండి. పక్కన కూర్చుని దాని చేత కుట్టించండి. ముడి పైకి తేలకుండా ఎలా వెయ్యాలో, రిబ్బను పోగులు లేవకుండా అంచు ఎలా మడవాలో మీకు తెలుసు, దానికి అప్పుడే రాకపోవచ్చు. పైన శాటిన్‌లోంచి కుట్టు బయటికి కనపడకూడదు, లోపలి గుడ్డలోనే ఆగాలి. షూ మూతి దగ్గర బిగించే సన్నటి తాడు ఒకటి ఉంటుంది, దాన్ని సూది గుచ్చకూడదు. ఆ సంగతి అది మీకు నేర్పుతుంది.

డబ్బు సంగతి. మీరు చెప్పిన మొత్తం అక్కడ వంద డాలర్ల పైచిలుకు. ఒక జత పాయింట్ షూస్ ధర ఇంచుమించు అదే. దాన్ని కవర్లో పెట్టి "తర్వాతి ఫిట్టింగ్‌కి, నేనూ వస్తాను" అని రాయండి. ఆ షాపులో మీరు చెయ్యాల్సింది ఏమీ ఉండదు. కూర్చుని చూడండి. పన్నెండు జతలు తొడిగి విప్పిన తర్వాత పదమూడోది తొడిగి లేచినప్పుడు పిల్ల మొహం చూడటానికైనా వెళ్ళండి.

లియోటార్డ్, అంటే క్లాసులో ఒంటికి అతుక్కునేలా వేసుకునే బట్ట, కొనాలనిపిస్తుంది, వద్దు. చాలా స్కూళ్ళలో ఏ లెవెల్‌కి ఆ రంగు ఉంటుంది. సైజు కూడా మన బ్లౌజుల్లా కాదు, భుజం మీదినుంచి కాళ్ళ మధ్యగా తిప్పి మళ్ళీ భుజానికి తెచ్చి కొలుస్తారు. పెరిగే పిల్లకి అందాజాగా కొంటే బిగుతవుతుంది. బిగుతైన లియోటార్డ్ అద్దంలో చూసుకున్న 14 ఏళ్ళ పిల్ల బట్టది తప్పనుకోదు, తన ఒళ్ళుది తప్పనుకుంటుంది. ఈ విషయంలో మిమ్మల్ని బతిమాలుకుంటున్నాను, విమానం దిగగానే "చిక్కిపోయావే" అనిగానీ "ఒళ్ళు చేశావే" అనిగానీ అనకండి. రెండూ వద్దు. రోజంతా అద్దాల ముందు నిలబడే పిల్ల అది. బదులుగా సున్నుండలు చేసి పట్టుకెళ్ళండి. డిసెంబర్‌లో రిహార్సల్ నుంచి రాత్రి తొమ్మిదింటికి ఇంటికొచ్చే పిల్లకి మినప్పిండి, బెల్లం, నెయ్యి కంటే ఏం కావాలి?

టైట్స్, అంటే నడుం నుంచి పాదం దాకా తొడుక్కునే బిగుతు మేజోళ్ళు, వాటి విషయంలో ఒక మాట మీ అమ్మాయి చెవిన వెయ్యండి. బ్యాలే గులాబీరంగు అసలు తెల్లవాళ్ళ ఒంటిరంగుకి దగ్గరగా ఎంచినది. కాలి గీత నడుం నుంచి వేలి కొస దాకా ఒకటిగా కనపడాలని. మన పిల్లలకి ఆ గీత చీలమండ దగ్గర తెగిపోతుంది. 1969లో న్యూయార్క్‌లో మొదలైన నల్లజాతి నర్తకుల బృందం డాన్స్ థియేటర్ ఆఫ్ హార్లెం వాళ్ళు 1970ల్లోనే ఎవరి ఒంటిరంగు టైట్స్, షూస్ వాళ్ళు వేసుకోవడం మొదలుపెట్టారు. అయినా గోధుమరంగు షూస్ దొరక్క, నర్తకులు ఏళ్ళ తరబడి గులాబీరంగు వాటికి మేకప్ పూసుకుంటూ వచ్చారు. 2018లో లండన్‌లో ఫ్రీడ్ అనే బ్యాలే షూస్ కంపెనీ, బ్యాలే బ్లాక్ అనే నర్తకుల బృందంతో కలిసి గోధుమ, కంచు రంగుల్లో పాయింట్ షూస్ తెచ్చింది. మీ మనవరాలికి తన రంగు టైట్స్ వేసుకోవాలని ఉందో లేదో, స్కూలు ఒప్పుకుంటుందో లేదో వాళ్ళమ్మ మెల్లగా అడిగి తెలుసుకుంటే, రెండు జతలు మీ తరఫున కొనవచ్చు. మా అమ్మాయి అడగలేదు, నేనూ అడగలేదు. ఇప్పుడు అడిగేదాన్ని.

మీరు వెళ్ళేది నట్‌క్రాకర్ సీజన్. చైకోవ్‌స్కీ సంగీతంతో 1892 డిసెంబర్‌లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో మొదట ఆడిన బ్యాలే అది. ఇప్పుడు అమెరికాలో క్రిస్మస్ అంటే ఊరూరా అదే. మీ మనవరాలి స్కూలు కూడా వేస్తూ ఉండవచ్చు, మీ అమ్మాయిని తేదీలు కనుక్కోమనండి. ఉంటే అన్ని ఆటలకీ వెళ్ళండి, పిల్ల వెనక వరసలో మంచు తునక వేషంలో ఉన్నా సరే. పూలు ఆట అయ్యాకే ఇవ్వండి, ముందు ఇవ్వరు. న్యూయార్క్ లింకన్ సెంటర్‌లో బాలన్‌షీన్ కూర్చిన నట్‌క్రాకర్ ఏటా ఉంటుంది, దాన్ని మొదట ఆడింది 1954లో. అందులో క్రిస్మస్ చెట్టు 12 అడుగుల నుంచి 41 అడుగులకి పెరుగుతుంది. చూడదగ్గదే, కానీ టికెట్లు నలుగురికీ కలిపితే మీ బడ్జెట్ దాటుతుంది. మీ అల్లుడుగారు కొంటే సరే, మీరు దానికోసం ఇబ్బంది పడొద్దు.

న్యూయార్క్ వెళ్తే మాత్రం మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఒక బొమ్మ ఉంది. ఎడ్గార్ దెగా చేసిన చిన్న నర్తకి. కంచు ఒళ్ళు, నిజం గుడ్డ పావడా, జడకి నిజం రిబ్బను. చేతులు వెనక్కి కట్టుకుని, గడ్డం పైకెత్తి నిలబడి ఉంటుంది. దాని మైనపు అసలు ప్రతిని 1881లో పారిస్‌లో ప్రదర్శించారు, అదిప్పుడు వాషింగ్టన్‌లో ఉంది. ఆ బొమ్మ పేరులోనే ఉంది, ఆ పిల్లకి 14 ఏళ్ళు. మీ మనవరాలిని దాని ముందు నిలబెట్టి, ఆ కాళ్ళ నిలుపు ఏమిటో చెప్పమనండి. న్యూజెర్సీ విద్యార్థులు అక్కడ ఇష్టమైనంత టికెట్ డబ్బు కట్టవచ్చు, స్కూలు కార్డు మర్చిపోవద్దు.

ప్రశ్న: మా అమ్మాయికి 16. హైదరాబాద్‌లోనే రెండేళ్ళుగా బ్యాలే నేర్చుకుంటోంది. సంక్రాంతి సెలవుల్లో ఇంట్లో ప్రాక్టీస్ చేస్తానని, పాదం వంపు పెరగడానికి వాడే చెక్క పరికరం, గుండ్రంగా తిరగడానికి వాడే బోర్డు కొనమంటోంది. కొననా?
— ఒక తల్లి, కూకట్‌పల్లి

జవాబు: రెండూ వద్దమ్మా. ఆ చెక్క పరికరంలో పాదం ఇరికించి బలవంతంగా వంచితే చీలమండ దగ్గర కీళ్ళు, నరాలు దెబ్బతింటాయి. వంపు కనిపించడం ముఖ్యం కాదు, దాన్ని పట్టి నిలిపే కండ ముఖ్యం. దానికి రబ్బరు పట్టీ ఒకటి, అరికాలి కింద దొర్లించడానికి టెన్నిస్ బంతి ఒకటి చాలు. రెండూ కలిపి వెయ్యి రూపాయల లోపే. వాటితో ఏ వ్యాయామం ఎన్నిసార్లు చెయ్యాలో టీచర్‌ని కాగితం మీద రాసివ్వమనండి. తిరిగే బోర్డు మీద తిరుగుతున్నది బోర్డు, పిల్ల కాదు. దాంతో అలవాటు చెడిపోతుంది.

మీ ఇంట్లో గ్రానైటో, టైల్సో ఉంటాయి. వాటి మీద గెంతితే మోకాలి కింద ఎముక నొప్పి పట్టుకుంటుంది, నెలలు పోదు. ఇంట్లో పట్టుకుని చేసే అభ్యాసాలే చెయ్యమనండి, గెంతులు స్టూడియోలో చెక్క నేల మీదే. పట్టుకోవడానికి కడ్డీ కొనక్కర్లేదు, బరువైన డైనింగ్ కుర్చీ వెనకభాగం సరిపోతుంది. మిగిలిన డబ్బుతో కాళ్ళకి తొడుక్కునే ఉన్ని లెగ్ వార్మర్లు తీసుకోండి. జనవరి పొద్దున చల్లటి కండరంతో మొదలుపెట్టకుండా ఉంటుంది.

ప్రశ్న: మా అన్నయ్య కొడుకు బెంగళూరులో ఉంటాడు, 14 ఏళ్ళు. బ్యాలే అంటే పిచ్చి. ఇంట్లో "ఆడపిల్లల డాన్స్" అని ఏడిపిస్తున్నారు. క్రిస్మస్ సెలవులకి రాజమండ్రి వస్తున్నాడు. వాడికేమైనా ఇవ్వాలని ఉంది, ఏమివ్వాలో తెలియదు.
— ఒక బాబాయి, రాజమండ్రి

జవాబు: బాబుగారూ, ఏడిపించేవాళ్ళకి ముందు రెండు సంగతులు చెప్పండి. ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీ 1653లో సూర్యుడి వేషం కట్టి బ్యాలే ఆడినప్పుడు ఆయన వయసు 14. మన కూచిపూడిలో తరతరాలుగా ఆడింది మగవాళ్ళే. వేదాంతం సత్యనారాయణ శర్మగారు సత్యభామగా జడ పట్టుకుని వస్తే జనం కళ్ళార్పేవాళ్ళు కాదు. ముంబైలో వెల్డింగ్ పనిచేసే ఆయన కొడుకు అమీరుద్దీన్ షా 2017లో లండన్ రాయల్ బ్యాలే స్కూల్‌కి వెళ్ళాడు. ఈ సంగతి పిల్లవాడికి తెలిసే ఉంటుంది, ఇంట్లోవాళ్ళకి తెలియాలి.

కానుకగా కాన్వాస్‌తో చేసిన మెత్తటి బ్యాలే షూస్ కొనవచ్చు. ఇవి పాయింట్ షూస్ కావు, మగపిల్లలకి మామూలుగా పాయింట్ ఉండదు. నలుపో తెలుపో వాడి టీచర్ ఏ రంగు అంటే అది. కాగితం మీద రెండు పాదాలూ గీయించి ఫోటో తెప్పించుకుని, కంపెనీ సైజు పట్టికతో పోల్చి ఆర్డర్ పెట్టండి. మామూలు బూటు నంబరుతో పెట్టకండి, తేడా వస్తుంది. గెంతులు, ఎత్తడాలు ఎక్కువ కాబట్టి ఒంటికి నూనె పట్టించి మర్దనా చేసే మంచి మనిషి మీ ఊళ్ళో ఉంటే, ఒక ఆదివారం తీసుకెళ్ళండి. వాడికి అది గుర్తుండిపోతుంది.

ఆ ప్యాకెట్ వాడి గదిలో రహస్యంగా ఇవ్వకండి. భోజనాల దగ్గర, వాళ్ళ నాన్న, తాతయ్య, అందరూ కూర్చుని ఉన్నప్పుడు ఇవ్వండి.